విద్యుత్ పొటెన్షియల్ - గోళాలు నేర్పే పాఠం

ఒకే టవరుకు రెండు ప్రక్కలా రెండు విద్యుత్ సర్క్యూట్లు సాగిపోవడం పొలాల మధ్య తరచు కనబడే దృశ్యమే. వాటిలో ఒక సర్క్యూటుకు మరమ్మతు అవసరమైనప్పుడు రెండు కొసలలోనూ స్విచ్చులు విప్పి దానికి సరఫరా ఆపివేస్తారు. రెండవ సర్క్యూటు యథాప్రకారం పనిచేస్తూనే ఉంటుంది. లైన్ క్లియర్ చేతికి వచ్చిన తరువాత కూడా లైన్‌మన్ వెంటనే తీగను ముట్టుకోడు. మొదట తీగలో సరఫరా లేదని పరీక్షిస్తాడు. తరువాత పొడవైన బంధకపు కర్ర సాయంతో ఆ తీగను భూమికి కలుపుతాడు. అటుపిమ్మటనే పనికి పూనుకుంటాడు. ఈ నియమాన్ని అలక్ష్యం చేసినందువల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు లేకపోలేదు.

సరఫరాతో సంబంధమే తెగిపోయిన తీగలో ప్రమాదం ఎక్కడినుండి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే సామాన్యంగా ప్రచారంలో ఉన్న రెండు అపోహలను తొలగించుకోవలసి ఉంటుంది. ఆవేశం లేని వస్తువుకు పొటెన్షియల్ ఉండదన్నది మొదటిది. భూమికి కలిపిన వస్తువు మీద ఆవేశం ఉండదన్నది రెండవది. ఈ రెండూ నిజం కావు. ఎందుకు కావో చూపించడానికి లోహపు గోళం కంటె అనువైన వస్తువు మరొకటి లేదు. దాని ఆకారం సరళమైనది కనుక లెక్క కూడా సరళంగానే ఉంటుంది.

పొటెన్షియల్ అంటే ఏమిటి?

నీరు పల్లమెరుగు అన్నారు. రెండు తొట్లను గొట్టంతో కలిపినప్పుడు నీరు ఎటు పారుతుందో నిర్ణయించేది ఏ తొట్టిలో నీరు ఎక్కువ ఉన్నదన్న విషయం కాదు. ఏ తొట్టిలో నీటి మట్టం ఎత్తుగా ఉన్నదన్న విషయం. సన్నని గొట్టంలో చెంబెడు నీరు పోస్తే మట్టం ఎంతో పైకి లేస్తుంది. అదే చెంబెడు నీరు చెరువులో పోస్తే మట్టంలో మార్పే కనబడదు.

విద్యుత్తులో ఆవేశం నీటి పరిమాణం వంటిది. పొటెన్షియల్ మట్టం వంటిది. రెండు వాహకాలను తీగతో కలిపితే ధనావేశం ఎక్కువ పొటెన్షియల్ ఉన్నచోటి నుండి తక్కువ పొటెన్షియల్ ఉన్నచోటికి ప్రవహిస్తుంది. రెండింటి పొటెన్షియల్ సమానమైన క్షణాన ప్రవాహం ఆగిపోతుంది. లోహాలలో నిజంగా కదిలేవి ఋణావేశం గల ఎలక్ట్రాన్లు. అవి ఎదురు దిక్కుగా పోతాయి. కాని ఫలితం ఒక్కటే.

శాస్త్రీయంగా చెప్పాలంటే, ఎంతో దూరం నుండి ఒక కూలుంబు ధనావేశాన్ని ఒక చోటికి తీసుకొని రావడానికి చేయవలసిన పనియే ఆ చోటి పొటెన్షియల్. ఆ పని ఒక జౌలు అయితే పొటెన్షియల్ ఒక వోల్టు అవుతుంది. కూలుంబు చాలా పెద్ద ప్రమాణం. అందువల్ల ఇక్కడ దానిలో పదిలక్షవ వంతైన మైక్రోకూలుంబుతో లెక్క వేయడం సులభం. గాలిలో ఒక మైక్రోకూలుంబు ఆవేశం నుండి 1 మీటరు దూరంలో పొటెన్షియల్ 9,000 వోల్టులు. దూరం రెండింతలైతే పొటెన్షియల్ సగమవుతుంది. దూరం పదవ వంతైతే పొటెన్షియల్ పదింతలవుతుంది. ఈ ఒక్క సంఖ్యను జ్ఞాపకం ఉంచుకుంటే ముందు వచ్చే లెక్కలన్నీ నోటితో చేసుకోవచ్చు.

ఒంటరి గోళం

ఇతర వస్తువులకు దూరంగా, బంధకపు కాలు మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల లోహపు గోళం ఒకటి ఉన్నదనుకోవాలి. దాని మీద ఒక మైక్రోకూలుంబు ధనావేశం ఉంచితే ఆ ఆవేశంలోని అంశాలు ఒకదానినొకటి వికర్షించుకొని గోళం ఉపరితలం మీద సమంగా పరచుకుంటాయి. అందులోని ప్రతి అంశమూ కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కనుక కేంద్రం వద్ద పొటెన్షియల్ 9,000ను 0.1తో భాగించగా వచ్చే 90,000 వోల్టులు. వాహకం లోపల ఎక్కడా విద్యుద్బలం లేదు. బలం ఉంటే ఆవేశం ఇంకా కదులుతూనే ఉండాలి. బలం లేనిచోట ఆవేశాన్ని కదపడానికి పని అవసరం లేదు. కాబట్టి కేంద్రం వద్ద ఉన్న పొటెన్షియలే గోళమంతటా, ఉపరితలం మీద కూడా ఉంటుంది.

ఇప్పుడు 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల మరొక గోళాన్ని దూరంగా ఉంచి, పొడవైన సన్నని తీగతో మొదటిదానికి కలిపితే ఏమవుతుంది? రెండింటి పొటెన్షియల్ సమానమయ్యేదాకా ఆవేశం పారుతుంది. పెద్ద గోళం వ్యాసార్ధం మూడింతలు గనుక దాని మీద మూడింతల ఆవేశం చేరాలి. అంటే చిన్నదాని మీద 0.25, పెద్దదాని మీద 0.75 మైక్రోకూలుంబుల ఆవేశం నిలుస్తుంది. రెండింటి పొటెన్షియల్ 22,500 వోల్టులు. మొత్తం ఆవేశం మారలేదు. మట్టం మాత్రం నాలుగవ వంతుకు దిగింది.

గోళం ఎంత ఆవేశాన్ని ఇముడ్చుకోగలదో చెప్పే కెపాసిటి దాని వ్యాసార్ధానికి అనులోమానుపాతంలో ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది. పూర్వపు ప్రమాణాలలో గోళం కెపాసిటిని సెంటీమీటర్లలోనే చెప్పేవారు. 10 సెంటీమీటర్ల గోళం కెపాసిటి 10 సెంటీమీటర్లే! నేటి ప్రమాణాలలో అది సుమారు 11 పికోఫారడ్లు.

భూమి అనే పెద్ద గోళం

ఇక రెండవ గోళానికి బదులు భూమినే తీసుకోవచ్చు. భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు. తేమ గల నేల విద్యుద్వాహకమే. ఒంటరి గోళంగా లెక్క కడితే భూమి కెపాసిటి సుమారు 700 మైక్రోఫారడ్లు. రేడియో సామానులు అమ్మే దుకాణంలో ఇంతకంటె ఎక్కువ కెపాసిటి గల కెపాసిటర్లు అరచేతిలో పట్టేవి దొరుకుతాయి. అయితే వాటిలో రెండు లోహపు పొరలు అతి దగ్గరగా ఉంటాయి. గోళానికి అట్లాంటి జోడు లేదు. ఈ తేడా ఏమిటో ముందు తెలుస్తుంది.

10 సెంటీమీటర్ల గోళంతో పోలిస్తే మాత్రం భూమి కెపాసిటి 6 కోట్ల రెట్లకు పైగా ఉంటుంది. గోళం మీది ఒక మైక్రోకూలుంబును భూమిలోకి వదిలితే భూమి పొటెన్షియల్ 0.0014 వోల్టు మాత్రమే మారుతుంది. అది చెరువులో పోసిన చెంబెడు నీరు. అందుచేతనే ఎత్తులను సముద్రమట్టం నుండి కొలిచినట్లు పొటెన్షియల్‌ను భూమి నుండి కొలుస్తారు. భూమి పొటెన్షియల్ సున్న అనుకోవడం లెక్క కోసం చేసుకున్న ఏర్పాటు. ఒక వాహకాన్ని తీగతో భూమికి కలపడాన్ని భూసంధానం అనీ, వాడుకలో ఎర్తు చేయడం అనీ అంటారు. ఎర్తు చేయడమంటే ఆ వాహకం పొటెన్షియల్‌ను సున్న చేయడం. దాని మీది ఆవేశాన్ని సున్న చేయడం అని కాదు. ఈ భేదమే అసలు కీలకం.

ఆవేశం లేని గోళానికి 18,000 వోల్టులు

10 సెంటీమీటర్ల గోళాన్ని మళ్ళీ తీసుకొని, దాని మీద ఏ ఆవేశమూ లేకుండా చేయాలి. దాని కేంద్రానికి 50 సెంటీమీటర్ల దూరంలో, ఒక మైక్రోకూలుంబు ధనావేశం గల చిన్న గోళాన్ని బంధకపు కర్ర మీద ఉంచాలి. ఆ ఆవేశపు ప్రేరణ వల్ల పెద్ద గోళంలో దగ్గరి ముఖం మీద ఋణావేశం, దూరపు ముఖం మీద అంతే ధనావేశం ఏర్పడతాయి. మొత్తం ఆవేశం ఇప్పటికీ సున్నయే. మరి పొటెన్షియల్ ఎంత?

దీనిని కేంద్రం వద్ద లెక్కించడం తేలిక. ప్రేరిత ఆవేశాలన్నీ ఉపరితలం మీదనే ఉన్నవి కనుక కేంద్రానికి ఒకే దూరంలో ఉన్నాయి. ధన, ఋణ భాగాలు సమానం గనుక అక్కడ వాటి ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. మిగిలేది బయటి ఆవేశం ఒక్కటే. అది అర మీటరు దూరంలో ఉన్నది. కాబట్టి పొటెన్షియల్ దాదాపు 18,000 వోల్టులు. గోళం వాహకం కనుక ఇదే పొటెన్షియల్ దాని అంతటికీ వర్తిస్తుంది. ఆవేశమే లేని గోళం, కేవలం పొరుగున మరొక ఆవేశం ఉన్నందువల్ల, 18,000 వోల్టుల మట్టానికి లేచింది. మొదటి అపోహ ఇక్కడ తొలగిపోతుంది.

ఇప్పుడు ఆ గోళాన్ని ఎర్తు చేయాలి. దాని పొటెన్షియల్ సున్నకు దిగాలి. బయటి ఆవేశం కలిగించే 18,000 వోల్టులను రద్దు చేయాలంటే గోళం మీద దానంతట దానికే -18,000 వోల్టులు కలిగించగల ఋణావేశం చేరాలి. 10 సెంటీమీటర్ల దూరంలో ఒక మైక్రోకూలుంబు 90,000 వోల్టులు కలిగిస్తుంది గనుక కావలసింది అందులో అయిదవ వంతు, అంటే -0.2 మైక్రోకూలుంబు. అంత ఋణావేశం భూమి నుండి తీగ గుండా పైకి వస్తుంది. ఎర్తు చేయకముందు ఆవేశం లేని గోళం, ఎర్తు చేసిన తరువాత ఆవేశితమైంది! రెండవ అపోహ కూడా తీరింది.

ఇంతటితో కథ ముగియలేదు. బయటి ఆవేశాన్ని అక్కడే ఉంచి ముందు ఎర్తు తీగను తొలగించి, ఆ తరువాత బయటి ఆవేశాన్ని దూరంగా తీసుకొనిపోతే ఏమవుతుంది? -0.2 మైక్రోకూలుంబు గోళం మీద చిక్కుకుపోతుంది. దానిని రద్దు చేసే బయటి ఆవేశం ఇప్పుడు లేదు. కనుక గోళం పొటెన్షియల్ -18,000 వోల్టులవుతుంది. 1775లో వోల్టా ప్రచారంలోకి తెచ్చిన ఎలక్ట్రోఫోరస్ అనే సాధనం పనిచేసేది ఈ పద్ధతిలోనే. ఒకసారి రుద్ది ఆవేశపరచిన పలక సాయంతో ఎన్నిసార్లయినా లోహపు బిళ్ళను ఆవేశపరచవచ్చు. బిళ్ళను ఎత్తడానికి చేతులు చేసే పని నుండే ఆ శక్తి వస్తుంది.

గోళంలో గోళం

ఒక గోళాన్ని దానికంటె కొంచెం పెద్దదైన బోలు గోళంలో, రెండింటి కేంద్రాలు కలిసేటట్లు అమర్చితే మరి కొన్ని విశేషాలు కనబడతాయి. లోపలి గోళం వ్యాసార్ధం 10, బయటిది 12 సెంటీమీటర్లు అనుకోవాలి. లోపలిదానికి ఒక మైక్రోకూలుంబు ధనావేశమిచ్చి బయటిదానిని ఎర్తు చేస్తే, బయటి గోళం లోపలి ముఖం మీద సరిగ్గా ఒక మైక్రోకూలుంబు ఋణావేశం చేరుతుంది. లోపలి గోళం పొటెన్షియల్ తన ఆవేశం వల్ల 90,000, బయటి ఋణావేశం వల్ల -75,000. మొత్తం 15,000 వోల్టులు. ఒంటరిగా ఉన్నప్పుడు 90,000 వోల్టులు చూపిన ఆవేశమే ఇప్పుడు 15,000 చూపుతున్నది. అంటే కెపాసిటి ఆరింతలైంది. రెండు గోళాల మధ్య ఎడం ఎంత తగ్గితే కెపాసిటి అంత పెరుగుతుంది. దుకాణంలోని చిన్న కెపాసిటరు భూమిని మించడంలోని రహస్యం ఇదే. 1837లో మైకేల్ ఫారడే గంధకం, లక్క వంటి బంధకాల గుణాలను పరీక్షించినది ఇట్లాంటి జంట గోళాలతోనే. ఎర్తు చేసిన బయటి గోళం అవతల విద్యుద్బలం ఏమాత్రం లేదు. లోపల ఏమి జరుగుతున్నదీ బయటికి తెలియదు.

దీనికి వ్యతిరేకంగా, ఆవేశాన్ని బయటి గోళానికి ఇచ్చి లోపలిదాన్ని ఏమీ చేయకుండా విడిచిపెడితే, లోపలి గోళం పొటెన్షియల్ బయటిదానితో సమానమవుతుంది. రెండింటినీ తీగతో కలిపినా ఆవేశం లోపలికి పారదు. బయటి గోళం మీది ఆవేశం లోపల ఏ బలాన్నీ కలిగించదు. లోపల ఏదైనా ఒక బిందువు నుండి రెండు ఎదురు దిక్కులలో సన్నని శంకువులు గీస్తే, దగ్గరి గోడ మీద అవి చిన్న ముక్కను, దూరపు గోడ మీద పెద్ద ముక్కను ఖండిస్తాయి. ముక్క వైశాల్యం, దానితో పాటు దాని మీది ఆవేశం, దూరపు వర్గం ప్రకారం పెరుగుతుంది. బలం దూరపు వర్గం ప్రకారం తగ్గుతుంది. రెండు ముక్కల లాగుడూ సరిసమానమై రద్దవుతాయి. అయితే బలం సరిగ్గా దూరపు వర్గానికి విలోమంగా ఉంటేనే ఇది సాధ్యం. ఘాతం 2 కాక కొంచెం అటూ ఇటూ అయినా లోపలి గోళం మీద కొంత ఆవేశం చేరి తీరాలి.

కావెండిష్ పరీక్ష

ఈ సంగతిని ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ (1731-1810) గ్రహించి 1772-73 ప్రాంతంలో ప్రయోగానికి పెట్టాడు. 12.1 అంగుళాల వ్యాసం గల గోళాన్ని గాజు కడ్డీ మీద నిలిపి, దాని చుట్టూ 13.3 అంగుళాల వ్యాసం గల రెండు అట్ట అర్ధగోళాలను తగరపు రేకు తొడిగి మూశాడు. అర్ధగోళాలు కొయ్య చట్రాలకు అమర్చి ఉండేవి. తలుపు రెక్కల వలె మూసి తెరవవచ్చు. లోపలి గోళాన్ని బయటిదానికి తీగతో కలిపి, లీడెన్ జాడీతో బయటిదానిని ఆవేశపరచాడు. పట్టుదారంతో తీగను లాగివేసి, అర్ధగోళాలను తెరచి, లోపలి గోళానికి బెండు గుళ్ళ జతను తాకించి చూశాడు. గుళ్ళు విడిపోలేదు. లోపల ఆవేశం లేదు! తన పరికరం పసిగట్టగల అతి స్వల్పమైన ఆవేశం ఎంతో కొలిచి, ఘాతం 2కు యాభయ్యవ వంతు కంటె ఎక్కువ తేడాగా ఉండదని అతడు తేల్చాడు.

కావెండిష్ ఈ ఫలితాన్ని ప్రచురించలేదు. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబు ముడిత్రాసుతో బలాన్ని నేరుగా కొలిచి ప్రకటించగా, సూత్రానికి అతని పేరే స్థిరపడింది. కావెండిష్ వ్రాతప్రతులు సుమారు వంద సంవత్సరాలు మరుగున పడి ఉన్నాయి. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వాటిని పరిష్కరించి 1879లో వెలువరించాడు. పొటెన్షియల్ అన్న మాట పుట్టకముందే కావెండిష్ 'విద్యుదీకరణ స్థాయి' అన్న పేరుతో ఆ భావాన్నే వాడాడనీ, వాహకాల కెపాసిటిని సమానమైన గోళపు అంగుళాలలో కొలిచాడనీ అప్పుడు లోకానికి తెలిసింది.

మాక్స్‌వెల్ అంతటితో తృప్తిపడక, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో మెకాలిస్టర్ చేత ఆ ప్రయోగాన్ని తిరిగి చేయించాడు. ఈసారి బయటి గోళాన్ని తెరవలేదు. తీగను తొలగించిన తరువాత బయటి గోళాన్ని ఎర్తు చేసి, దానిలోని చిన్న రంధ్రం గుండా లోపలి గోళాన్ని సున్నితమైన ఎలక్ట్రోమీటరుతో పరీక్షించారు. ఎర్తు చేసిన గోళం బయటి అలజడులన్నింటి నుండి లోపలిదానికి రక్షణగా నిలిచింది. తేడా ఉంటే అది 21,600వ వంతుకు లోబడే ఉంటుందని తేలింది. 1936లో ప్లింప్టన్, లాటన్ అనే వారు అమెరికాలో ఈ హద్దును వంద కోట్లలో రెండు వంతులకు దించారు. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ అనేవారు, ఒకదానిలో ఒకటి ఇమిడిన లోహపు తొడుగులతో, ఇంకా పది లక్షల రెట్ల కంటె ఎక్కువ నిశితంగా పరీక్షించారు. అప్పుడూ తేడా కనబడలేదు. కాంతి కణమైన ఫోటానుకు ఏపాటి ద్రవ్యరాశి అయినా ఉంటే ఈ సూత్రంలో లోపం కనబడాలి. కనుక అట్ట గోళంతో ఆరంభమైన పరీక్ష చివరకు కాంతి స్వభావానికే పరీక్ష అయింది.

భూగోళమూ, లైన్‌మనూ

భూమి కూడా నిజానికి గోళంలో గోళమే. నిర్మలమైన వాతావరణంలో నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఆ లెక్కన భూమి ఉపరితలం మీద నాలుగైదు లక్షల కూలుంబుల ఋణావేశం ఉండాలి. భూమి ఒంటరి గోళమైతే దాని పొటెన్షియల్ -60 కోట్ల వోల్టులను మించిపోయేది. కాని దాదాపు అంతే ధనావేశం చుట్టూ ఉన్న గాలిలోనూ, పై పొరలలోనూ ఉన్నది. అందువల్ల నేలకూ, పైనున్న అయనోస్ఫియరుకూ మధ్య భేదం సుమారు రెండున్నర, మూడు లక్షల వోల్టులకే పరిమితమైంది. గాలిలో నిరంతరం కారిపోయే ఈ ఆవేశాన్ని ప్రపంచమంతటా కురిసే ఉరుముల వానలు తిరిగి పూరిస్తూ ఉంటాయి. సున్న పొటెన్షియల్ అని పిలిచే భూమి మీదనే ఇంత ఆవేశం ఉన్నదంటే ఆవేశమూ, పొటెన్షియలూ వేరువేరన్న సంగతికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు టవరు మీది తీగ సంగతి తేటపడుతుంది. సరఫరా ఆపిన తీగ, బంధకాల మీద నిలిచిన ఆవేశం లేని గోళం వంటిది. ప్రక్కన పనిచేస్తున్న సర్క్యూటు, అర మీటరు దూరంలో ఉంచిన ఆవేశం వంటిది. తీగ ఎక్కడా సరఫరాకు కలిసి లేకపోయినా దాని పొటెన్షియల్ వేల వోల్టులకు లేవవచ్చు. నేలతో సంబంధమున్న మనిషి దానిని తాకితే ఆ మనిషే ఎర్తు తీగ అవుతాడు. అతని శరీరం గుండానే ఆవేశం పారుతుంది. పైగా పొరుగు సర్క్యూటులో విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ తిప్పుకుంటుంది. ప్రేరణ కూడా అట్లాగే తిరుగుతూ ఉంటుంది. కనుక ఆవేశం ఒకసారి పారి ఊరుకోదు. రాకపోకలు సాగుతూనే ఉంటాయి. పొరుగు తీగలలోని ప్రవాహపు అయస్కాంత ప్రేరణ వల్ల కలిగే వోల్టులు, పొరపాటున మరొక వైపు నుండి వచ్చే సరఫరా దీనికి అదనం.

తీగను ఎర్తు చేసినప్పుడు ప్రేరిత ఆవేశం అందులో లేకుండా పోదు. ఉంటుంది; ఎర్తు తీగ గుండా వస్తూ పోతూ ఉంటుంది. కాని తీగ మట్టమూ, నేల మట్టమూ దాదాపు ఒకటే అవుతాయి. రెండింటి మధ్య నిలిచిన మనిషి గుండా పారవలసిన అవసరం దానికి ఉండదు. అందుచేతనే ఎర్తును ఒకసారి తాకించి తీసివేయడం చాలదు. పని ముగిసేవరకు, పనిచేసే చోటికి రెండు వైపులా, దానిని అట్లాగే ఉంచాలి. కలిపేటప్పుడు మొదట భూమి వైపు కొసను బిగించి, తరువాత కర్రతో తీగకు తగిలించాలి. తీసేటప్పుడు మొదట తీగను విడిచి, చివర భూమి వైపు కొసను విప్పాలి. ఈ వరుస తప్పితే ఎర్తు తీగ చేతిలో ఉండగానే దాని మట్టం వేల వోల్టులకు లేస్తుంది.